లండను బ్యాంకుస్టేషను: మార్గములు, పరిసరములు, పూర్వచరిత్రము

మహానగరముల భూగర్భమున రైలుమార్గములు కలిసికొను స్టేషనులు ఆధునిక యంత్రకౌశలమునకు నిదర్శనములని యెల్లరును జెప్పుదురు. అవి పూర్వచరిత్రమునకును నిదర్శనములని చెప్పువారు కొందఱే. శాసనమును బరిశీలించువారు లిపినిబట్టి కాలమును నిర్ణయించునట్లు, సొరంగముల వంపులను, మెట్లవరుసలను, పేరుల మార్పులను బరిశీలించినచో నొక స్టేషను ఎట్లు పుట్టి యెట్లు పెరిగినదో నిర్ణయింపవచ్చును. ఇట్టి పరిశీలనమునకు లండను నగరమధ్యమున నున్న బ్యాంకుస్టేషను మిక్కిలి తగినది.

ఈ స్టేషనున సెంట్రలు మార్గము, నార్తరను మార్గము, వాటర్లూ సిటీ మార్గము, డాక్లాండ్సు మార్గము అను నాలుగు రైలుమార్గములు కలిసికొనుచున్నవి. దీనితో సొరంగముచే గలుపబడిన మాన్యుమెంటు స్టేషనున డిస్ట్రిక్టు, సర్కిలు అను మఱి రెండు మార్గములున్నవి. రెండు పేరులున్నను రెండును గలిసి యొక్క స్టేషనే. ఒక మార్గమునుండి మఱియొక మార్గమునకు బోదలచినవాడు ఎక్కిన మెట్లు దిగి, దిగిన మెట్లెక్కి, వంకరదారుల వెంట నడచి, తుదకు దిక్కు తెలియక నిలిచిపోవుట యిచ్చట సామాన్యము. కట్టినవారి యజ్ఞానమే దీనికి హేతువని బాటసారులు తలంతురు. అది సరికాదు. ఈ చిక్కునకు గారణము భూమిలోపల లేదు. భూమిపైనున్న వీథులలో గలదు. ఆ వీథులకు గారణము నగరముయొక్క యతిప్రాచీన చరిత్రమున గలదు. ఈ సంబంధము నెఱిగినవానికి స్టేషనులోని దారియు సుగమమగును.

కూడలి, దాని వీథులు

లండను అను విశాలనగరములో 'సిటీ' యనునది సుమారొక చదరపుమైలు వైశాల్యముగల ప్రాచీనభాగము. దానికి బ్రత్యేకముగా నగరసంఘమును, లార్డుమేయరును గలరు. క్రీ.శ. మొదటి శతాబ్ది మధ్యమున రోమనులు థేమ్సునది యుత్తరపుటొడ్డున నిర్మించిన లొండీనియము పట్టణ మిచ్చటనే యుండెను. ఈ భాగమునకు నడిబొడ్డున, ఇంగ్లండు బ్యాంకు నెదుట, అనేక వీథులొకచోట గూడుచున్నవి. స్టేషనునకు 'బ్యాంకు' అను పేరు ఈ బ్యాంకునుబట్టియే వచ్చినది.

ఈ వీథుల నామములు భాషాచరిత్రకారుల కాసక్తి గలిగించునవి. 'కార్న్‌హిల్' అనగా ధాన్యపుగుట్ట. పూర్వమచ్చట ధాన్యపు సంత జరుగుచుండెను. 'పౌల్ట్రీ' అనుచోట కోళ్లను, బాతులను అమ్ముచుండిరి. 'లంబార్డు' వీథికి ఇటలీదేశమున లొంబార్డీ ప్రాంతమునుండి వచ్చి వడ్డివ్యాపారము చేసిన వర్తకులనుబట్టి యాపేరు గలిగెను. 'వాల్‌బ్రూకు' అను వీథిపేరు నిజమునకొక వాగుపేరు. రోమనుల పట్టణముగుండ బ్రవహించి థేమ్సునం గలిసిన యావాగు క్రమముగా బూడ్చబడి, కప్పబడి, భూగర్భపు మురుగుకాలువగా మాఱినది. రైలుకంటె ముందే యీప్రదేశమున నొక ప్రవాహము భూమిలోనికి దిగినదన్నమాట.

ఈ వీథులు వంకరగా నుండుటకు గల కారణము 1666-వ సంవత్సరపు మహాగ్నిప్రమాదముతో ముడివడియున్నది. ఆ సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీన పుడ్డింగు సందులోని యొక రొట్టెల దుకాణమున బుట్టిన యగ్ని నాలుగుదినములలో నగరమున నధికభాగమును దహించెను. అగ్ని చల్లారిన కొలదిదినములకే క్రిస్టఫరు రెన్, జాన్ ఈవ్లిను, రాబర్టు హూకు మొదలగువారు తిన్నని విశాలవీథులతో క్రొత్త నగరమును గట్టుటకు బటములు వ్రాసి సమర్పించిరి. అవి యమలుజరుగలేదు. కాలిపోయిన నేలపై బ్రతివానికిని హక్కు గలదు. ఆ హక్కులను గొనుటకు ధనము లేదు. ఇండ్లులేని ప్రజలకు వేచియుండుటకు దీఱిక లేదు. కావున వీథులు కొన్ని వెడల్పుచేయబడినను, చాలవఱకు బాతజాడలనే నగరము తిరిగి లేచినది. భూమిపైని హక్కు 1666లో వీథిని వంకరగా నిలిపినది. అదేహక్కు రెండువందల యేండ్లపిమ్మట సొరంగమును వంకర చేసినది.

మార్గముల పుట్టుక

ఈ కూడలి ప్రాంతమునకు మొదట వచ్చినది ఆవిరియంత్రముల భూగర్భమార్గము. వీథిని నిలువుగా త్రవ్వి, పట్టాలు పఱచి, పైన మరల గప్పు పద్ధతిని నిర్మింపబడిన యామార్గమున, 1884 అక్టోబరు 6వ తేదీన 'ఈస్ట్‌చీప్' అను స్టేషను తెఱవబడినది. ఒక నెలయైన గడవకముందే, నవంబరు 1వ తేదీన, దానికి 'మాన్యుమెంటు' అని పేరుమార్చిరి. నేటి డిస్ట్రిక్టు, సర్కిలు మార్గముల ప్లాట్ఫారము లివియే. పైనుండి త్రవ్వినవగుటచే నివి భూమికి మిక్కిలి చేరువగా నున్నవి.

రెండవ పద్ధతి జేమ్సు హెన్రీ గ్రేట్‌హెడ్ అను నింజనీరు వృద్ధిచేసినది. ఉక్కుతో జేసిన వర్తులాకారపు కవచమును సొరంగపు ముందుకొనయందుంచి, దాని మాటున కూలీలు మట్టిని త్రవ్వుచుండగా, కవచమును యంత్రబలముతో ముందునకు నెట్టుదురు. అది విడిచిన ఖాళీస్థలమున పోతయినుప ముక్కలను వలయముగా బిగింతురు. లండను క్రిందనున్న బంకమన్ను దీని కనువైనది. ఇట్లు లోతున త్రవ్వినచో పైవీథిలోని రాకపోకలకు భంగముండదు. ఈ విధమున నిర్మింపబడిన సిటీ-సౌత్ లండను రైలుమార్గము 1890 డిసెంబరు 18వ తేదీన బ్రజలకు దెఱవబడినది. లోతైన సొరంగమున విద్యుచ్ఛక్తితో నడచిన ప్రథమ రైలుమార్గము ప్రపంచమున నిదియే. దాని బండ్లకు గిటికీలు మిక్కిలి సన్నములగుటచే ప్రజలు వానిని మెత్తలుగుట్టిన చెఱసాలగదులని పరిహసించుచుండిరి.

ఆ మార్గమున కుత్తరపుకొన మాన్యుమెంటు చెంతనున్న కింగ్ విలియం వీథి స్టేషను. కంపెనీవారు పరుల భవనములక్రింద త్రవ్వినచో నష్టపరిహార మీయవలసివచ్చునని, సొరంగములను వీథులక్రిందనే నడపిరి. నది దాటినపిమ్మట వీథి యిఱుకుగా నున్నచోట రెండు సొరంగములను ప్రక్కప్రక్కన నుంచుటకు జోటులేక, ఒకదానిపై నొకదానిని ద్రవ్విరి. వంపు ప్రమాదకరముగాను, ఎత్తు నిటారుగాను నుండుటచే నాస్టేషను పదియేండ్లైన నిలువలేదు. 1900 ఫిబ్రవరిలో దానిని మూసి, వేఱు సొరంగముల ద్వారా బ్యాంకుకూడలిని దాటి మూర్‌గేటువఱకు మార్గమును బొడిగించిరి. నేటి నార్తరను మార్గమునందలి బ్యాంకు ప్లాట్ఫారములకు మూలమిది. 'నార్తరను' అను పేరు 1937లో గాని యేర్పడలేదు.

ఈ నడుమ 1898 ఆగస్టు 8వ తేదీన వాటర్లూ సిటీ మార్గము తెఱవబడినది. దక్షిణమునుండి వచ్చు రైళ్లు నదికావల వాటర్లూయందే నిలిచిపోవుటచే, అచ్చట దిగిన యుద్యోగులను సిటీకి జేర్చుటకే యిది పుట్టినది. ఈ రెండు స్టేషనులుదప్ప దీనికి మూడవ స్టేషను లేదు. ఇతరమార్గములతో దీనిపట్టాలకు సంబంధమును లేదు. జనులు దీనిని 'మురుగుకాలువ' యని పిలుతురు. దీని స్టేషనుపేరు మొదట 'సిటీ'. 1940 అక్టోబరులో గాని 'బ్యాంకు' కాలేదు. అనగా సుమారు నలువదియేండ్లపాటు ఒకే కూడలిక్రింద నొకమార్గమువారు 'సిటీ' యనియు, తక్కినవారు 'బ్యాంకు' అనియు వ్రాసికొనుచుండిరి.

1900 జూలై 30వ తేదీన సెంట్రలు లండను మార్గము పశ్చిమమునుండి వచ్చి యిచ్చట ముగిసినది. ఎంతదూరమునకైనను రెండే పెన్నీలు కూలి యగుటచే దానికి 'రెండుపెన్నీల గొట్టము' అను పేరు వ్యాప్తిలోనికి వచ్చెను. పైన భవనము గట్టుటకు స్థలము దొరకనందున, దాని టిక్కెట్ల చావడిని కూడలిక్రిందనే నిర్మించిరి. వీథి దాటువారు కూడ నుపయోగించుకొనునట్లు చుట్టును నడవలు నిర్మింపబడినవి. ఈ మార్గమును వీథులనే యనుసరించినది. పౌల్ట్రీక్రింద వచ్చి థ్రెడ్‌నీడిల్ వీథివైపునకు దిరుగవలసియుండుటచే, ప్లాట్ఫారములు విల్లువలె వంగినవి. ఒక కొననుండి చూచినచో రెండవ కొన కనబడదు. బండికిని ప్లాట్ఫారమునకును నడుమ వెడల్పైన సందు గలదు. బ్యాంకువారి ధనాగారములను దప్పించుటకే యీ వంపని లోకమున నొక కథ గలదు. కాని వీథుల వంపును బటమున జూచినవారికి వేఱు కారణమును వెదకవలసిన పనిలేదు. దీనికి బశ్చిమమున ప్రక్కనున్న సెయింటు పాల్సు స్టేషనులో వీథి యిఱుకగుటచే ప్లాట్ఫారములే యొకదానిపై నొకటి యుండుట యీ యభిప్రాయమును బలపఱచుచున్నది.

దేవాలయము క్రింది స్టేషను

కింగ్ విలియం వీథియు లంబార్డు వీథియు గలియుచోట సెయింటు మేరీ వుల్‌నాథ్ అను క్రైస్తవదేవాలయము గలదు. నికొలసు హాక్స్‌మూరు దీనిని 1716 మొదలు 1727 వఱకు నిర్మించెను. జాన్ న్యూటను 1780 మొదలు 1807 వఱకు ఇచ్చట మతాచార్యుడుగా నుండెను. అతడు యౌవనమున బానిసలను గొనిపోవు నోడలకు నాయకుడై, పిమ్మట పశ్చాత్తప్తుడై, ఆ వ్యాపారమును నిర్మూలింపవలెనని పోరాడినవాడు.

సిటీ-సౌత్ లండను కంపెనీవారు క్రొత్తస్టేషను కొఱకు ఈ దేవాలయమును బడగొట్టుటకు మొదట ననుమతి పొందిరి. ప్రజలలో గొప్ప యలజడి పుట్టెను. అంతట కంపెనీవారు వెనుకకు దగ్గి, దేవాలయపు నేలమాళిగను మాత్రము గొనిరి. అందలి యస్థులను వెలికిదీసి నగరమున కీశాన్యముననున్న ఇల్ఫర్డునందు మరల పూడ్చిపెట్టిరి. పిదప గోడలను, స్తంభములను ఉక్కుదూలములపై నిలిపి, దేవాలయపు నేలక్రిందనే లిఫ్టుల బావులను, మెట్లబావిని త్రవ్విరి. పైన గచ్చు చిట్లలేదు, కట్టడము కుంగలేదు. ఆరాధనమునకు దేవాలయమును, ప్రయాణమునకు దాని పునాదియు నిలిచినవి. ఒక కంపెనీ చేతనున్న యనుమతిపత్రముకంటె ప్రజాభిప్రాయము బలవత్తరమగునని యీవృత్తాంతమువలన దెలియుచున్నది.

కలయిక, విపత్తు

ఇట్లు పదునాఱు సంవత్సరములలో నలుగురు యజమానులు నాలుగు మార్గములను దెచ్చిరి. ఎవరి సొరంగము వారిది. ఎవరి మెట్లు వారివి. ప్రయాణికుడు మార్గము మాఱవలసివచ్చునను తలంపు వారికి ముఖ్యముగా లేదు. 1913లో సెంట్రలు లండను, సిటీ-సౌత్ లండను కంపెనీలు రెండు నొక యాజమాన్యముక్రిందికి వచ్చినవి. 1933 జూలైలో లండను ప్రయాణసౌకర్యముల సంఘ మేర్పడినది. ఆ సంవత్సరమే సెప్టెంబరు 18వ తేదీన కదిలెడు మెట్లతో గూడిన సొరంగదారి మాన్యుమెంటును బ్యాంకుతో గలిపినది. హ్యారీ బెక్ వ్రాసిన ప్రసిద్ధమైన మార్గపటము ప్రకటింపబడినదియు నాసంవత్సరమే. ఆ పటమున దారులన్నియు తిన్ననివి. భూమిలో నవి వంకరవి. పటమును మాత్రము నమ్మి వచ్చినవానికి బ్యాంకున గలుగు విస్మయమున కిదియొక హేతువు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున ఈ సొరంగములు ప్రజలకు రక్షణస్థానములయ్యెను. కాని కూడలిక్రిందనున్న చావడి లోతులేనిది. 1941 జనవరి 11వ తేదీరాత్రి జర్మనుల బాంబు దానిపై బడెను. వీథి విఱిగి చావడిలో గూలెను. మృతుల సంఖ్య 56 అని యొక గణనము. 111 అని మఱియొక గణనము. ఆ మహాగర్తముపై గొంతకాలము తాత్కాలికపు వంతెన వేసి రాకపోకలు నడపిరి. భూమిపై స్థలము లేక వీథిక్రింద బైపైన గట్టిన గది, సురక్షితమని నమ్మినవారికి మృత్యుస్థాన మగుట శోచనీయము.

తరువాతి కాలమున జేసినవన్నియు ప్రథమనిర్మాణపు లోపములను సవరించు ప్రయత్నములే. 1960 సెప్టెంబరు 27వ తేదీన వాటర్లూ సిటీ ప్లాట్ఫారములనుండి పైకి, మెట్లులేక యేటవాలుగా గదిలెడు బాట యొకటి నిర్మింపబడినది. బ్రిటనునం దట్టిది యదియే మొదటిది. 1991 జూలై 29వ తేదీన డాక్లాండ్సు మార్గము తూర్పునుండి వచ్చి, నార్తరను మార్గముకంటెను లోతున జేరినది. 2018లో వాల్‌బ్రూకువైపున నొక ద్వారము తెఱవబడినది. 2022 మే నెలలో నార్తరను మార్గపు దక్షిణాభిముఖమైన బండ్లకు క్రొత్త సొరంగమును, ప్లాట్ఫారమును వచ్చినవి. పాత ప్లాట్ఫారము జనులు నడచు విశాలమైన నడవగా మాఱినది. ఆ సంవత్సరమే నార్తరను, సెంట్రలు మార్గముల నడుమ కదిలెడు బాటలు వచ్చినవి. 2023 ఫిబ్రవరి 27వ తేదీన కానను వీథివైపున గ్రొత్తద్వారము తెఱవబడినది. 1890 నుండి 1900 వఱకు వీడివీడిగా త్రవ్విన సొరంగములను సరిగా గలుపుటకు నూటయిరువది సంవత్సరములకు బైగా బట్టినది.

దారి నెఱుగు విధము

పై చరిత్రమునుబట్టి స్టేషనులో మూడు సూత్రములను గ్రహింపవచ్చును. మొదటిది: లోతే కాలము. వీథికి సమీపమున నున్నవి 1884 నాటి డిస్ట్రిక్టు, సర్కిలు మార్గములు. మిక్కిలి లోతున నున్నది 1991 నాటి డాక్లాండ్సు మార్గము. క్రొత్తగా వచ్చినది తఱచుగా ముందున్నవాని క్రిందికి దిగవలసివచ్చును.

రెండవది: నార్తరను మార్గమే దండలోని దారము. పైన కింగ్ విలియం వీథి బ్యాంకుకూడలిని మాన్యుమెంటు ప్రాంతముతో గలుపుచున్నది. 1831లో దెఱవబడిన లండను వంతెనకు దారిగా వేయబడిన వీథి యది. క్రింద నార్తరను ప్లాట్ఫారము లాదిక్కుగానే వ్యాపించియున్నవి. ఉత్తరపుకొనను బ్యాంకు, సెంట్రలు మార్గము, దక్షిణపుకొనను మాన్యుమెంటు. ఏమార్గమునుండి దిగినను, నార్తరను మార్గపు సూచికల వెంట బోయినవాడు స్టేషను నడుమకు జేరును. అచ్చటినుండి కొనలకు బోవుట సులభము.

మూడవది: బయటికి బోవువాడు రైలుమార్గపు పేరును గాక వీథిపేరును వెదకవలెను. ఒకద్వారమున బైకివచ్చినవాడు బ్యాంకు నెదుటను, వేఱొకద్వారమున వచ్చినవాడు రోమనుల వాగు నొడ్డునను, ఇంకొకద్వారమున వచ్చినవాడు అగ్నిస్మారక స్తంభము చెంతను నిలుచును. వాటర్లూ సిటీ మార్గము ఆదివారమున నడువదను విషయమును గుర్తుంచుకొనదగినది. మాన్యుమెంటునుండి బ్యాంకునకు సొరంగమున నడచుటకంటె, ఆకాశము నిర్మలముగా నున్నపుడు వీథివెంట నడచుటయే సుఖము.

పరిసరములందు జూడదగినవి

కూడలికి ఉత్తరమున ఇంగ్లండు బ్యాంకు గలదు. 1694లో స్థాపింపబడిన యీసంస్థ 1734లో థ్రెడ్‌నీడిల్ వీథికి వచ్చినది. జాన్ సోను నిర్మించిన వెలుపలిగోడ నేటికిని నిలిచియున్నది. లోపలి భవనమును 1925-1939 నడుమ హెర్బర్టు బేకరు తిరిగి నిర్మించెను. న్యూఢిల్లీలో సచివాలయ భవనములను, వర్తులాకారపు పార్లమెంటు భవనమును నిర్మించిన శిల్పి యీతడే. బ్యాంకునకు సంబంధించిన వస్తుప్రదర్శనశాల యిచ్చట గలదు. ఎదుటనున్నది రాయల్ ఎక్స్ఛేంజి యను వర్తకభవనము. థామసు గ్రెషాము నిర్మింపగా 1571లో ఎలిజబెత్తురాణి తెఱచినది 1666లో గాలిపోయినది. రెండవది 1838లో గాలిపోయినది. 1844లో విక్టోరియారాణి తెఱచిన మూడవది నేడున్నది. కార్న్‌హిల్‌పై దాని ప్రక్కనే 1994లో నెలకొల్పిన గ్రేట్‌హెడ్ విగ్రహము గలదు. దాని పీఠము స్టేషనునకు గాలి నందించు గవాక్షము. సొరంగములకు శాస్త్రము గల్పించినవాని విగ్రహము సొరంగములకు శ్వాసమార్గమై యుండుట యుచితముగా నున్నది.

వాల్‌బ్రూకువైపున దిగినచో మిత్రదేవుని యాలయము గలదు. రోమను సైనికులును వర్తకులును మిథ్రాసు అను పేర నారాధించిన యీదేవుని నామము పారసీకుల మిథ్రునితోను, ఋగ్వేదమునందలి మిత్రునితోను సజాతీయము. 1954లో త్రవ్వకములందు ఈయాలయము బయల్పడినపుడు జనులు వేలకొలదిగా వచ్చి చూచిరి. 1962లో దానిని వేఱొకచోట బునర్నిర్మించిరి. 2017లో మరల మొదటిస్థలమునకు జేర్చి, నేటి వీథికి సుమారేడు మీటర్లక్రింద బ్రదర్శించుచున్నారు.

ఆస్థలమున 2010-2014 నడుమ జరిగిన త్రవ్వకములలో రోమనుల వ్రాతపలకలు నాలుగువందలకు బైగా దొరకినవి. చెక్కపలకపై మైనముపూసి, లోహపుగంటముతో గీచి వ్రాసినవవి. మైనము పోయినను చెక్కపై బడిన గీతలనుబట్టి పండితులు వానిని జదివి 2016లో బ్రకటించిరి. తాటియాకుపై గంటముతో వ్రాసిన యాంధ్రలేఖకులకు ఈవిధానము పరాయిది కాదు. ఆ పలకలలో నొకదానికి క్రీ.శ. 57 జనవరి 8వ తేదీ గలదు. బ్రిటనున దేదీగల వ్రాతలలో నదియే మొదటిది. టిబుల్లసు అను విముక్తదాసుడు గ్రాటసు అను వేఱొక విముక్తదాసునకు నూటయైదు దినారములు ఋణపడితినని యొప్పుకొనుట దానిలోని విషయము. బ్యాంకు పుట్టుటకు పదునాఱువందల యేండ్లకు బూర్వమే దాని ముంగిట నొక ఋణపత్రము పుట్టియుండెను.

మాన్యుమెంటు ద్వారమున బైకివచ్చినచో స్టేషనుకు బేరిచ్చిన స్తంభము గనబడును. 1671-1677 నడుమ రెన్నును, హూకును గలిసి నిర్మించినది. ఎత్తు 202 అడుగులు. అగ్ని పుట్టిన స్థలమునకు దూరమును 202 అడుగులే. లోపల 311 మెట్లు గలవు. దీని పీఠముపైని శాసనమునకు 1681లో నగ్నిప్రమాదమును రోమను కత్తోలికులపై మోపు వాక్యములను జేర్చిరి. అవి 1830లో జెక్కివేయబడినవి. శాసనమున జెక్కినదెల్ల సత్యముగాదని శాసనపరిశోధకులకు ఈస్తంభము బోధించుచున్నది.

ఆంధ్రులకు బ్యాంకుకూడలితో సంబంధము

కూడలినుండి కార్న్‌హిల్ వెంట తూర్పుగా నడచినచో, ఆవీథియే కొంతదూరమునకు లెడన్‌హాల్ వీథి యగును. అచ్చట లాయిడ్సు సంస్థవారి యినుముగాజుల భవనము గలదు, 1986లో బూర్తియైనది. ఆస్థలముననే పూర్వము ఈస్టిండియా కంపెనీవారి ప్రధానభవన ముండెను. 1611లో మచిలీపట్టణమున వర్తకశాల స్థాపించిన కంపెనీ యిదియే. ఆంధ్రదేశపు కలంకారీవస్త్రముల వ్యాపారమును, ఉత్తరసర్కారుల శిస్తును, సీమల పరిపాలనమును గూర్చిన యుత్తరువు లాభవనమునుండియే వచ్చుచుండెను.

ఆ భవనమున 1801లో నేర్పడిన గ్రంథాలయమునకు జార్లెసు విల్కిన్సు మొదటి యధికారి. జాన్ లీడను అను పండితుడు దక్షిణదేశమున సేకరించిన వ్రాతప్రతులు, అతడు 1811లో జావాద్వీపమున మరణించిన పిదప, కంపెనీవారి స్వాధీనమై యాగ్రంథాలయమున బడియుండెను. వానిని జదువగలవారచ్చట లేరైరి. చార్లెసు ఫిలిప్పు బ్రౌను 1830 తరువాతి దశకమున ఇంగ్లండుననున్నపుడు వానిని బరిశీలించి, యవి చదువరులున్న దేశమున నుండుటయే మేలని వాదించి, మద్రాసునకు బంపించెను. మెకంజీ సంపాదించినవియు, లీడనువియు, బ్రౌను సేకరించినవియు గలిసి మద్రాసు ప్రాచ్యలిఖితపుస్తక భాండాగారమునకు మూలధనమైనవి. తెలుగు కావ్యములను బరిష్కరించిన పండితులకు ఆ భాండాగారము చేసిన మేలు ప్రసిద్ధమే.

కంపెనీ యధికారము 1858లో రాణి ప్రభుత్వమునకు మాఱినది. భవనము 1861లో బడగొట్టబడినది. నేడచ్చట కంపెనీ జాడ గానరాదు. బ్యాంకునుండి తూర్పునకు బోవు డాక్లాండ్సు మార్గమున మాత్రము 'ఈస్ట్ ఇండియా' అను పేరుగల స్టేషనొకటి 1994లో దెఱవబడినది. ఓడలు నిలిచిన రేవు పోయి, సరకు దించిన గోదాములు పోయి, పేరు స్టేషనుపలకపై నిలిచినది.

బ్యాంకుస్టేషనులోని ప్రతివంపునకును పైన నొక వీథి సాక్షి. ఆ వీథికి నొక హక్కుపత్రమో, యొక వాగో, యొక సంతయో సాక్షి. ప్రథమనిర్మాతలు పొదుపుచేసిన ధనమునకు వడ్డిని తరువాతి ప్రయాణికులు కాలినడకతో జెల్లించిరి. పాతపునాదిని బరీక్షింపక క్రొత్త కట్టడమును దలపెట్టువారెల్లరును, అది నగరమైనను గ్రంథమైనను, ఈ స్టేషను చరిత్రమునుండి నేర్చుకొనదగినది గలదు.